ఇరవై గజాల పెరడైనా వంద రూపాయల కాగితం మీద అమ్ముడుపోదు

ఈమధ్య గుంటూరు, విజయవాడ వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం బాగా తిరుగుతోంది. పెరట్లో పదో ఇరవయ్యో గజాలు పక్కింటివాళ్ళకి అమ్మడానికి రిజిస్ట్రేషన్ ఖర్చు దండగ, వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాసుకుని నోటరీ చేయిస్తే చాలు అంటుంది ఆ సందేశం. గోడ జరిపి పన్నెండేళ్ళు గడిస్తే ఎలాగూ కొన్నవాళ్ళ సొంతమవుతుందట. డబ్బు చేతికి తీసుకుంటే పన్ను ఉండదట. దస్తావేజు మీ పేరున ఉంటే ఇంట్లో ఎవరినీ అడగక్కర్లేదట. పైగా పక్కింటివాళ్ళకే కొనే మొదటి హక్కు ఉందట.

ఇందులో ఒక్కటి కూడా నమ్మి అడుగు వేయదగ్గది కాదు. బ్రాడీపేట, అరండల్‌పేట లైన్లలో ఇంకా మిగిలిన పాత ఇళ్ళను చూడండి. వెనక పెరడు, నుయ్యి, రెండు కొబ్బరిచెట్లు, ఇంట్లో వయసు మళ్ళిన దంపతులు. పక్కవాళ్ళు కొత్తగా కట్టుకుంటూ కారు పెట్టుకోవడానికో మెట్లకో ఓ మూడడుగులు అడుగుతారు. ఈ సందేశాన్ని నమ్మి ముందుగా సంతకం పెట్టేది ఆ పెద్దవాళ్ళే. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందుగా స్టాంపు పేపరు సంగతి. చట్టంలో వంద రూపాయల మాట నిజంగానే ఉంది. కానీ అది స్టాంపు పేపరు ధర కాదు, ఆస్తి విలువ. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షన్ ప్రకారం వంద రూపాయలు, ఆపైన విలువ చేసే స్థిరాస్తిని రిజిస్టరైన దస్తావేజుతోనే అమ్మాలి. ఈరోజు గుంటూరులో వంద రూపాయలకు గజం కాదు కదా, అడుగు నేల కూడా రాదు. ఎన్ని గజాల లోపు అయితే మినహాయింపు అన్న మాట ఆ సెక్షన్‌లో ఎక్కడా లేదు. నోటరీ ముద్ర ఫలానా మనిషి సంతకం పెట్టాడని చెబుతుంది. హక్కును ఒకరి నుంచి ఇంకొకరికి మార్చదు. జీపీఏ (మన తరఫున వ్యవహరించమని ఇంకొకరికి రాసిచ్చే అధికార పత్రం), అగ్రిమెంటు కాగితాలతో జరిగే అమ్మకాలు హక్కును బదిలీ చేయవని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ లాంప్ కేసులో తేల్చి చెప్పింది. అలాంటి కాగితాన్ని రేపు కోర్టులో చూపిస్తే స్టాంపు డ్యూటీ తక్కువైందని పట్టుకుంటారు. తగ్గిన డ్యూటీకి పది రెట్ల దాకా పెనాల్టీ పడే వీలుంది. అదంతా కట్టినా, రిజిస్ట్రేషన్ లేని లోటు అలాగే ఉంటుంది.

అసలు నష్టం ఎక్కడ బయటపడుతుందో చెప్తాను. ఇల్లు అరవై అడుగుల పొడవుంది, పక్కవాళ్ళకి మూడడుగుల వెడల్పు ఇచ్చారు అనుకుందాం. నూట ఎనభై చదరపు అడుగులు, అంటే సరిగ్గా ఇరవై గజాలు. అమ్మినవాళ్ళ దస్తావేజులో మూడు వందల గజాలు అలాగే ఉంటుంది, నేల మీద మాత్రం రెండు వందల ఎనభై. కొన్నవాళ్ళ కాగితంలో రెండు వందలు, గోడ లోపల రెండు వందల ఇరవై. ఈసీ, అంటే ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం, తీస్తే ఈ అమ్మకం ఎక్కడా కనపడదు. కొన్నాళ్ళకి అమ్మినవాళ్ళ పిల్లలు ఇల్లు అమ్మబోతారు. కొనేవాళ్ళు టేపు పట్టుకుని కొలిచి, ఇరవై గజాలు తక్కువుంది, పక్కవాళ్ళు ఆక్రమించారు అంటారు. పక్కింట్లో పెద్దాయన అప్పటికి ఉండకపోవచ్చు. ఆయన కొడుకు నోటరీ కాగితం తెస్తాడు. అవతలి లాయరు అది చెల్లదంటాడు. డబ్బు తీసుకున్నవాళ్ళు, ఇచ్చినవాళ్ళు ఇద్దరూ నిజాయితీపరులే. అయినా వాళ్ళ పిల్లలు కోర్టు వాయిదాలకు తిరుగుతారు. కొన్నవాళ్ళు ఇంటి లోనుకి వెళ్ళినా అంతే. బ్యాంకు లీగల్ ఒపీనియన్‌లో ఆ ఇరవై గజాలు లెక్కలోకి రావు. దాని మీద మెట్లు కట్టి ఉంటే గొడవ ఇంకా పెద్దది.

ఇక ఖర్చు. ఆంధ్రప్రదేశ్‌లో అమ్మకం దస్తావేజుకి స్టాంపు డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం, మొత్తం 7.5 శాతం. దీన్ని మీరు మాట్లాడుకున్న ధర, ప్రభుత్వ పుస్తకం విలువ (రిజిస్ట్రేషన్ శాఖ ఆ ప్రాంతానికి కట్టిన ధర), ఈ రెంటిలో ఏది ఎక్కువైతే దాని మీద లెక్కగడతారు. పుస్తకం విలువ గజానికి ముప్పై వేలు అనుకుంటే ఇరవై గజాలకి ఆరు లక్షలు, కట్టాల్సింది నలభై ఐదు వేలు. తక్కువని నేను అనను. కానీ మామూలుగా అది పెట్టుకునేది కొనేవాళ్ళు, వాళ్ళు పెట్టేది తమ ఆరు లక్షల నేలకు హక్కు కోసం. దాన్ని దండగ అనడం అన్యాయం.

"పన్నెండేళ్ళు గడిస్తే సొంతం" అన్నది సగం తెలిసిన మాట. 1963 నాటి కాలపరిమితి చట్టంలో పన్నెండేళ్ళ గడువు ఉంది. కానీ అసలు యజమాని హక్కుని కాదంటూ, బహిరంగంగా, ఎడతెగకుండా అనుభవించామని కోర్టులో రుజువు చేసుకోవాలి. యజమాని అనుమతితో అనుభవిస్తుంటే ఎన్నేళ్ళయినా అది ఆ లెక్కలోకి రాదు. చెల్లని అమ్మకం కాగితంతో స్వాధీనం తీసుకుంటే అది ఏ కోవలోకి వస్తుందన్నది వాదనలతో తేలాల్సిన విషయం. పన్నెండేళ్ళు నిండగానే దస్తావేజు దానంతటదే ఎవరి పేరునా మారదు. స్నేహంగా ఉన్న పొరుగువాళ్ళని "మీరు కబ్జా చేశారని మీరే నిరూపించుకోండి" అని కోర్టుకి పంపే సలహా ఇది.

డబ్బు చేతికి తీసుకోమనడం ఆ సందేశంలో అన్నింటికన్నా ప్రమాదకరమైన మాట. స్థిరాస్తి అమ్మకంలో ఇరవై వేలు, ఆపైన నగదుగా తీసుకుంటే తీసుకున్నంత సొమ్మూ పెనాల్టీగా పడవచ్చు. అది పడేది కూడా తీసుకున్నవాళ్ళ మీదే, అంటే అమ్మిన పెద్దవాళ్ళ మీద. 2015 జూన్ నుంచి ఈ నిబంధన ఉంది. అమ్మిన లాభం మీద క్యాపిటల్ గెయిన్స్ పన్ను ఎలాగూ వర్తిస్తుంది. రెండేళ్ళకు మించి మీ దగ్గరున్న స్థలమైతే 12.5 శాతం. 2024 జులై 23కి ముందు కొన్నదైతే ధరల పెరుగుదల సూచీ వేసుకుని 20 శాతం లెక్కనా చూసుకోవచ్చు, ఏది తక్కువైతే అది. వారసత్వంగా వచ్చినదైతే నాన్నగారు కొన్న తేదీ నుంచే లెక్క. 2001 ఏప్రిల్ 1కి ముందు కొన్న పాత స్థలాలకి ఆ తేదీనాటి విలువను అసలుగా తీసుకోవచ్చు. ఒక్కసారి ఆడిటర్ దగ్గర కూర్చుంటే చాలాసార్లు పన్ను మనం భయపడినంత ఉండదు. చెక్కుగానో ఖాతాకో తీసుకోండి.

"ఎవరినీ అడగక్కర్లేదు" అన్నది ఇళ్ళు విడగొట్టే మాట. స్వార్జితమై, దస్తావేజు మీ ఒక్కరి పేరునే ఉంటే మీ ఇష్టమే. హిందూ కుటుంబాల్లో నాన్నగారి ఆస్తి అయి ఆయన వీలునామా రాయకుండా పోతే అమ్మకీ, అక్కచెల్లెళ్ళకీ, అన్నదమ్ములకీ సమాన వాటాలు. పిత్రార్జితంలో ఆడపిల్లలకి మన రాష్ట్రం 1985 సెప్టెంబరు 5 నుంచే, అప్పటికి పెళ్ళి కానివాళ్ళకి, హక్కు ఇచ్చింది. కేంద్రం 2005లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి ఆ హక్కుని ఆడపిల్లలందరికీ ఇచ్చింది. తండ్రి 2005 నాటికి బతికి ఉన్నారా లేదా అన్న సందేహాన్ని కూడా సుప్రీంకోర్టు 2020లో వినీతా శర్మ తీర్పులో తీసేసింది. చిన్న ముక్కే కదా అని చెల్లెలి సంతకం వదిలేస్తే, ఆ ముక్క అమ్మకం రేపు ఆమె దావాలో చిక్కుకుంటుంది. అన్నిటికంటే ముందు, ఆమె వాటాని ఆమెకి తెలియకుండా అమ్మడం తప్పు.

పక్కింటివాళ్ళ మొదటి హక్కు గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. పొరుగున ఉన్నందుకే కొనుగోలులో ముందు హక్కు ఇవ్వడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 1962లోనే చెప్పింది. హిందూ వారసత్వ చట్టం 22వ సెక్షన్‌లో అలాంటి ముందు అవకాశం ఒకటుంది, అది తోటి వారసులకే.

మరి ఎలా అమ్మాలి? సర్వేయర్ చేత రెండిళ్ళవాళ్ళ ఎదుటా కొలిపించండి. అమ్మే ముక్కకి నాలుగు హద్దులు, కొలతలు, ప్లాను దస్తావేజులో పెట్టించండి. మీకు మిగిలే స్థలం ఎంతో కూడా రాయించండి. అది చాలామంది మరిచిపోతారు. మూల దస్తావేజు బ్యాంకులో ఉంటే వాళ్ళ రాతపూర్వక అంగీకారం లేనిదే ముందుకి వెళ్ళకండి. ఆ మూడడుగులు పోతే మీ ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ తగ్గిపోతుందేమో కార్పొరేషన్ టౌన్ ప్లానింగ్‌లో ముందే అడగండి. మురుగు పైపు ఆ నేల కిందుగా పోతుంటే దాన్ని అలాగే ఉంచే హక్కు రాయించుకోండి. కొబ్బరిచెట్టు గురించి ఏమీ రాయకపోతే అది నేలతో పాటే వెళ్ళిపోతుంది. విజయవాడలో బందరు కాలవ, ఏలూరు కాలవ, రైవస్ కాలవ పక్కన ఉన్నవాళ్ళు ఇంకో సంగతి చూసుకోవాలి. ఇంటి వెనక గట్టు మీద ఎన్నేళ్ళుగా మొక్కలు పెంచుకున్నా ఆ గట్టు మీది కాదు, దాన్ని అమ్మే హక్కు లేదు. రిజిస్ట్రేషన్ శాఖ నిషేధిత జాబితాలో మీ సర్వే నంబరు ఉందేమో ముందే చూసుకోండి.

పక్కవాళ్ళకి కావాల్సింది నాలుగు కూరగాయ మడులకి చోటు మాత్రమే అయితే అమ్మనే అక్కర్లేదు. ఇది మా స్థలం, మొక్కలు వేసుకోవడానికి అనుమతి ఇస్తున్నాం, అడిగినప్పుడు తిరిగి ఇవ్వాలి అని రాసుకుని ఇద్దరూ సంతకం పెట్టుకోండి. అనుమతి అని రాసి ఉంటే కబ్జా వాదనకి చోటుండదు. గోడ, షెడ్డు లాంటి శాశ్వత కట్టడం మాత్రం కట్టనివ్వకండి. మీ అనుమతిని నమ్మి అలాంటిది కట్టుకున్నాక, 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం ఆ అనుమతిని వెనక్కి తీసుకోవడం కష్టం. ఆ కాగితంలో శాశ్వత కట్టడాలు కట్టకూడదన్న షరతు తప్పకుండా రాయించండి.