ఆముదం ఫ్లోరింగ్‌లో ఆముదం ఎంత?

ఏ చెట్టూ లేనిచోట ఆముదపు చెట్టే మహావృక్షం అంటాం. నేలల మీద పరిచే పాలీయురేథేన్ అనే గట్టి ప్లాస్టిక్ పూతల దగ్గర ఆ వెటకారం చెల్లదు. అక్కడ ఎన్ని నూనెలున్నా ఆముదానిదే పైచేయి.

పాలీయురేథేన్‌కి రెండు సరుకులు కావాలి: పాలియోల్, ఐసోసయనేట్. పాలియోల్‌లోని హైడ్రాక్సిల్ సమూహాలు (ఆక్సిజన్-హైడ్రోజన్ జంటలు) ఐసోసయనేట్‌తో ముడిపడితేనే పూత గట్టిపడుతుంది. సోయా నూనెలో ఇవి ఉండవు, రసాయన చర్యలతో తెచ్చిపెట్టాలి. ఆముదానికి పుట్టుకతోనే ఉన్నాయి. దాని కొవ్వు ఆమ్లాల్లో 85-90 శాతం రిసినోలిక్ ఆమ్లమే, ఆ సమూహాలు ఉండేది అందులోనే. పైగా ఆముదానికి నీటితో పొసగదు. ఐసోసయనేట్‌కి తేమ తగిలితే కార్బన్ డయాక్సైడ్ పుట్టి నేల మీద బుడగలు లేస్తాయి. వానాకాలంలో ఫ్లోరింగ్ వేసేవాళ్లకి అదే టెన్షన్. ఆముదం వాడిన మిశ్రమాల్లో ఆ బెడద తక్కువ. వంటనూనె దిగుమతి చేసుకునే మన దేశానికి ఇంకో సౌకర్యం, ఇది ఎవరి కంచంలోంచీ లాక్కునేది కాదు.

నా పేచీ ఫ్లోరింగ్ డబ్బా మీది 'మొక్కల నుంచి తయారైనది' అన్న మాటతో. పాలియోల్‌గా ఆముదం ఒక్కటే వాడినా, 100 కిలోల ఆముదానికి దాదాపు 40 కిలోల ఎండీఐ అనే ఐసోసయనేట్ పడుతుంది. అది పెట్రోలియం సరుకు. అంటే ఈ రెండూ కలిసిన జిగురులో, అదే బైండర్‌లో, 70 శాతం పైగా మొక్కదే, బాగానే ఉంది. కానీ నేల మీద పరిచేది ఒక్క బైండర్నే కాదు కదా! ఇసుక, ఖనిజ పొడులు, కొన్ని రకాల్లో సిమెంటు కూడా కలుస్తాయి. మొత్తం బరువులో చూస్తే ఆముదం వాటా బాగా పడిపోతుంది. శాతం వేసేవాళ్లు దేనిలో శాతమో కూడా వేయాలి.

పాలియోల్ మొక్కది అయినంత మాత్రాన పూత పూసే మనిషి ఊపిరితిత్తులకు భద్రత రాదు. ఐసోసయనేట్ ఆవిర్లతో ఆస్తమా వస్తుంది. అందుకే యూరోపియన్ యూనియన్‌లో 0.1 శాతం మించి డైఐసోసయనేట్లు (ఎండీఐ లాంటివి) ఉన్న సరుకుతో పనిచేసేవాళ్లకు 2023 ఆగస్టు నుంచి శిక్షణ తప్పనిసరి. మన సెల్లార్లలో రోలర్ పట్టిన కుర్రాడికి సరైన మాస్క్ దొరికితే అదే గొప్ప.

ఇక రైతు సంగతి. దేశంలో ఆముదం సాగు ఎక్కువగా గుజరాత్‌దే అయినా, నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్ట పొలాలకూ ఇది పాత పంటే. విత్తనాల మీద పనిచేసే నూనెగింజల పరిశోధన సంస్థ రాజేంద్రనగర్‌లో ఉంది. మొక్కల నూనెలతో పూతల మీద పరిశోధనలు చేసిన రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ తార్నాకలో ఉంది. రెండూ హైదరాబాద్‌లోనే. పాలమూరు రైతు మాత్రం గింజను గింజగానే అమ్ముకుని ఇంటికి పోతున్నాడు.