పోడు కొట్టేవారికి కొన్ని సాంకేతిక సూచనలు

అడవి ఎందుకు తరిగిపోతోందని అడిగితే మన దగ్గర జవాబు ఎప్పుడూ సిద్ధం: జనాభా పెరిగింది, వలసలు పెరిగాయి. సెమినార్లలో ఈ మాట అనేశాక భోజనానికి లేస్తారు. ములుగు, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల వరకు ముద్దాయి కూడా దొరికాడు. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి అడవిలో గుంపులు, అంటే చిన్న చిన్న గూడేలు, కట్టుకున్న గొత్తికోయ ఆదివాసీ. ముద్దాయి దొరికాక విచారణ దండగ. అందుకని అతని పనితనంలో లోపాలు సవరించడానికే ఈ వ్యాసం.

ముందు అతని పోడు పద్ధతి, అంటే అడవి కొట్టి, కాల్చి చేసే సాగు. చలి తగ్గగానే తుప్ప కొడతాడు. పెద్ద మానులకు మోకాలెత్తున చుట్టూ బెరడు ఒలిచి వదిలేస్తే, ఆకుల్లో తయారైన ఆహారం వేళ్ళకు దిగక అవి నిలువునా ఎండుతాయి. ఇప్పచెట్టు జోలికి మాత్రం వెళ్ళడు. కొట్టిన కంప మే ఎండలకు పెళపెళలాడాక నిప్పు పెడతాడు. ఆ బూడిదే ఎరువు. తొలకరికి జొన్న, కంది, సామ, కొర్ర. మొదటి ఏడు పంట బాగుంటుంది, రెండో ఏడు ఫరవాలేదు, మూడో ఏటికి వాలు మీది మట్టి వానకు జారిపోయి గడ్డి మిగులుతుంది. అప్పుడు ఇంకో చోటు చూసుకుంటాడు. కొండకు పదిళ్ళున్న కాలంలో, వదిలేసిన చెలక మళ్ళీ చెట్లు కమ్ముకునేదాకా దానితో ఎవరికీ పని పడేది కాదు. ముప్ఫై ఇళ్ళయ్యేసరికి తుప్ప నడుమెత్తు పెరగకముందే మళ్ళీ గొడ్డలి పడుతోంది. జనాభా వాదం ఇక్కడ నూటికి నూరుపాళ్ళు నిజం, ఒప్పుకుందాం.

ఆ తర్వాత పత్తి వచ్చి, తిరిగే పోడును ఒకచోట కట్టేసింది. పత్తికి మొద్దులు పెకలించిన నేల కావాలి. అప్పు మీద యూరియా, పురుగుమందు కావాలి. ఆ అప్పు తీరాలంటే మరుసటేడూ పత్తే వెయ్యాలి. అప్పిచ్చే షావుకారు గొడ్డలి పట్టడు, అడవిలో అడుగే పెట్టడు కాబట్టి అడవి పోవడంతో అతనికి ఏ సంబంధమూ లేదు.

ఇక లోపాలు. మొదటిది పనిముట్టు. గొడ్డలితో ఒక కుటుంబం ఎండాకాలమంతా కష్టపడినా రెండు మూడెకరాలు దాటవు. హైదరాబాద్‌లో సెంట్రల్ యూనివర్సిటీ పక్కనున్న కంచ గచ్చిబౌలి చూసి నేర్చుకోవాలి. 2025లో ఉగాది, రంజాన్ సెలవులు కలిసొచ్చాయి, జేసీబీలు దిగాయి, దాదాపు 100 ఎకరాల్లో చెట్లు నేలకొరిగాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపింది గానీ లేకపోతే మొత్తం 400 ఎకరాలూ చదునయ్యేవి. అదీ వలస కోసమే కదా! ఐటీ కొలువులకు రాబోయేవాళ్ళ కోసం. వాళ్ళు ఏ తేదీకి ముందు వచ్చారని అటవీ శాఖ బీటు ఆఫీసరెవరూ అడగడు. పైగా రికార్డుల్లో అది అడవే కాదట. రికార్డు ఏమన్నా సరే, నిఘంటువు ప్రకారం అడవైతే అడవేనని సుప్రీంకోర్టు గోదావర్మన్ కేసులో 1996 డిసెంబరులోనే చెప్పింది. సచివాలయంలో నిఘంటువు కొన్నారో లేదో మాకు తెలియదు.

రెండో లోపం పంట. ఇది మరీ క్షమించరానిది. భారత అటవీ సర్వే లెక్కలో, ఒక హెక్టారు పైబడిన జాగాలో చెట్ల నీడ పదిశాతం దాటితే అది అటవీ విస్తీర్ణం. ఏ చెట్టు, ఎవరి భూమి అన్న పట్టింపు లేదు. జామాయిల్ తోటా అడవే, మామిడి తోటా అడవే. అంటే నల్లమద్ది, ఏగిస కొట్టేసి వరుసల్లో జామాయిల్ నాటితే ఉపగ్రహం కంటికి ఏ నష్టమూ జరగలేదు. అదే చోట జొన్న వేస్తే అడవి మాయం. కాగితం మిల్లు కొనే పంట ఉండగా కడుపుకు తినే పంట వేసుకోవడం పోడుదారు చేతులారా తెచ్చుకున్న తంటా.

మూడోది తేదీ. అటవీ హక్కుల చట్టం ప్రకారం పట్టా రావాలంటే 2005 డిసెంబరు 13 నాటికే భూమి సాగులో ఉండాలి. ఛత్తీస్‌గఢ్‌లో ప్రభుత్వ అండతో మావోయిస్టుల మీదికి లేచిన సల్వా జుడుం మొదలైందేమో అదే ఏడాది జూన్‌లో. ఇటు మావోయిస్టులు, అటు సల్వా జుడుం, నడుమ ఊళ్ళు తగలబడుతుంటే, చట్టం గడువు చూసుకుని ఆర్నెల్లలోపు గోదావరి గట్టు చేరాల్సింది. చాలామంది ఆ శ్రద్ధ చూపలేదు. గడువులోగా చేరినా మరో చిక్కుంది. అక్కడ ఎస్టీ అయిన మనిషికి ఇక్కడ ఆ సర్టిఫికెట్ రాదు. ఎస్టీ కాకపోతే ఆ తేదీకి ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్ళు, ఇక్కడే ఉన్నట్టు చూపాలి. లెక్కేస్తే 1930 డిసెంబరు. అప్పటికి ములుగు నిజాం చేతిలో, భద్రాచలం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నాయి. ఏ దొర సంతకమైనా సరిపోతుంది, తాతగారు జాగ్రత్తగా దాచి ఉంటే. 2023 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం లక్షన్నర మందికి నాలుగు లక్షల ఎకరాల పైచిలుకు పోడు పట్టాలు పంచడం మొదలుపెట్టింది. తాతల కాగితాలు లేనివాళ్ళు ఆ సభను టీవీలో చూడవచ్చు, గుంపుకు కరెంటు వచ్చాక.

పెద్దవాళ్ళు అడవి తీసుకుంటే ఇన్ని చిక్కులుండవు. గనికో ఆనకట్టకో అడవి పోతే, అంతే విస్తీర్ణంలో అడవి కాని భూమి ఇచ్చి మొక్కలు నాటించాలి. అలాంటి భూమి లేదని కాగితం పుట్టిస్తే, రెండింతల క్షీణించిన అడవిలో నాటినా చాలు. ఆ క్షీణించిన అడవి చాలాచోట్ల ఎవరో ఒకరి పోడే. ఒక అడవి బొగ్గుకు పోతుంది, దానికి పరిహారం జొన్నచేను కడుతుంది. జూన్‌లో విత్తనం పడిన సాళ్ళలోనే గుంతలు తీసి టేకు మొక్కలు పెడతారు, చుట్టూ కందకం తవ్వుతారు. మొక్క బతక్కపోయినా ఫర్వాలేదు, కందకం బతుకుతుంది.

చివరగా, ఖాళీ చేయించే అధికారులకు ఒక మనవి. ముహూర్తం చూసుకోండి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఏటూరునాగారం, వెంకటాపురం వైపు మిర్చి ఏరడానికి సరిహద్దు అవతలి నుంచి కూలీలను ట్రాక్టర్లలో తెచ్చుకుంటారు. గుంపుల్లో ఉన్నవాళ్ళూ ఆ చేలల్లోకే వెళ్తారు. ఆ నాలుగు నెలలు వాళ్ళను కదిలిస్తే కాయ చెట్టు మీదే తాలు అవుతుంది, రైతులు మీ ఆఫీసు మీదికొస్తారు. ఆఖరి కోత అయిపోయి, కల్లాల్లో బస్తాలు కుట్టాక నోటీసులివ్వండి.