పునాది కనబడకూడదు

ప్రాథమిక విద్య పునాది లాంటిదన్న మాట మీరు వినే ఉంటారు. నవంబరు 14న తప్పించుకున్నా సెప్టెంబరు 5న దొరికిపోయి ఉంటారు. భుజాన శాలువా పడి, చేతికి మైకు అందిందంటే చాలు, ఎవరి నోటనైనా ఆ మాటే వస్తుంది. నేనూ ఒకప్పుడు ఊకదంపుడనే అనుకునేవాణ్ని. ఈమధ్య ఇల్లు కట్టించాక గానీ అందులోని లోతు తెలిసిరాలేదు. పునాది అంటే భూమిలో ఉండాల్సింది. పైకి కనబడకూడదు. ఒకసారి మట్టి కప్పేశాక మళ్లీ దాని మొహం చూసేపని ఉండకూడదు. మన ప్రభుత్వాలు, ఏ జెండావైనా సరే, ఈ సూత్రాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తున్నాయి. తిట్టేవాళ్లకు సివిల్ ఇంజినీరింగు తెలియదు, అంతే.

పైగా మనకు ర్యాంకులంటే ప్రాణం. ఫలితాలొచ్చిన రోజు టీవీ పెడితే ఒకటి, ఒకటి, ఒకటి అని చెవులు చిల్లులు పడతాయి. అలాంటిది కేంద్ర విద్యాశాఖ 2024-25 లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌కు దేశంలోనే ఫస్టు ర్యాంకు వస్తే ఒక్క ఫ్లెక్సీ కూడా లేవలేదు. ఏకోపాధ్యాయ బడులు దేశంలో లక్ష పైచిలుకు ఉంటే అందులో 12,912 మనవే. జనాభాలో మనకు నాలుగు రెట్లు పైనున్న ఉత్తరప్రదేశ్ కూడా మన వెనకే. ఇంతకంటే ఏం సాధించాలి?

విద్యాహక్కు చట్టం మాత్రం పిల్లలు అరవై మంది లోపున్నా ఇద్దరు టీచర్లు ఉండాలంటుంది. ఆ చట్టం అమల్లోకి వచ్చింది 2010 ఏప్రిల్ 1న. తేదీ చూసి మనవాళ్లు ఇంకోలా అర్థం చేసుకున్నారేమో.

సరే, ఒక్క టీచరు ఏంచేస్తుందో లెక్కవేద్దాం. ఒకటి, రెండు తరగతులకు తెలుగు, ఇంగ్లిషు, లెక్కలు. మూడు నుంచి ఐదు దాకా వాటితోపాటు పరిసరాల విజ్ఞానం. అంతా కలిపి 18 సబ్జెక్టులు. ఆరు గంటల బడిని 18తో భాగిస్తే తలా ఇరవై నిమిషాలు. ప్రార్థన లేకుండా, అన్నం బెల్లు లేకుండా, ఆవిడ మంచినీళ్లు కూడా తాగకుండా ఉంటేనే సుమా.

ఈ అద్భుతాన్ని కళ్లారా చూసి నాలుగు మంచి మాటలు రాద్దామని 2024 మొదట్లో ఒక ఊరి బడికి వెళ్లాను. రెండు గదులు. ఒక గదిలో బియ్యం బస్తాలు, కాళ్లు విరిగిన బల్లలు. రెండో గదిలో భారతదేశ భవిష్యత్తు. నల్లబల్లను సుద్దముక్కతో ఐదు వాటాలు వేశారు, అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టు. ఐదో తరగతి వాటా గోడవారకు పోయింది, అక్కడ రంగు ఊడిపోయి సుద్ద అంటడం లేదు. చివరి బెంచీలో కూర్చోవాల్సిన ఐదో తరగతి పాప ముందు వరసలో చాప మీద కూర్చుని, ఒక బుడ్డోడి చెయ్యి పట్టుకుని పలక మీద ‘ఖ’ దిద్దిస్తోంది. విచారిస్తే తెలిసింది, ఆ పాప ఒకటో తరగతికి టీచరు, రెండో తరగతికి లీడరు, టైముంటే ఐదో తరగతి విద్యార్థిని. ఆ పాప ఏ మాట అంటే ఒకటో తరగతి మొత్తం లేచి ఆ మాటే అంటుంది. క్రమశిక్షణ అంటే అదీ.

నాలుగో తరగతి కుర్రాడొకడు 52లోంచి 27 తీసేసి 35 అని వేశాడు. ఏడులోంచి రెండు పోతే ఐదు, ఐదులోంచి రెండు పోతే మూడు. వాడి లెక్కలో వాడికి న్యాయం ఉంది, పెద్దదానిలోంచే కదా చిన్నది పోవాలి. మేడం వాడి పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. ‘‘రెండులోంచి ఏడు పోదు నాన్నా, పక్కింటికెళ్లి ఒక పది అప్పు తెచ్చుకోవాలి’’ అని మొదలుపెట్టింది. వాడి కళ్లలో ఏదో వెలగబోతోంది. అంతలో ఫోను మోగింది.

గుడ్లు ఎన్ని వచ్చాయి, ఎన్ని పగిలాయి, ఎన్ని మిగిలాయి. అది పెట్టేలోగా మరుగుదొడ్డి ఫొటో ఇంకా రాలేదని గ్రూపులో మెసేజి. పొద్దున ముఖం చూపించి హాజరు వేసుకోవడం, పిల్లల హాజరు వేయడం అప్పటికే అయ్యాయట. మేడం లేచి ఫోను పట్టుకుని మరుగుదొడ్డి వైపు నడిచింది. కుర్రాడి పది పక్కింట్లోనే ఉండిపోయింది. పోనీలెండి, అప్పు తేవడం ఇప్పుడు రాకపోతేనేం, పెద్దయి ఆర్థికమంత్రి అయితే అదే వస్తుంది.

నేను గుడ్డుకు వ్యతిరేకిని కాను. ఆకలితో ఉన్న పిల్లాడికి అక్షరం ఎక్కదని నాకూ తెలుసు, మరుగుదొడ్డి లేక బడి మానేసిన ఆడపిల్లల సంగతీ తెలుసు. నేను మెచ్చుకునేది వేరే. ఆ సాయంత్రానికి వాడికి తీసివేత రాకపోతే అడిగేవాడు లేడు. ఫొటో రాకపోతే మాత్రం మెమో వచ్చేది. ప్రభుత్వానికి ఏది ముఖ్యమో ఇంత స్పష్టంగా ఇంకెవరు చెప్పగలరు?

టీచర్లను బయటి పనులకు వాడరాదని విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ గట్టిగా చెబుతుంది. జనగణన, విపత్తులు, ఎన్నికలు మాత్రం మినహాయింపు. ఫోనులో పనులంటారా, బడి ఆవరణలోనే చేస్తారు కాబట్టి బయటి పనుల కిందికి రావు.

బడులకు పేర్లు పెట్టడంలోనూ మనకు సాటి లేదు. వెనకటికి ఒకటి నుంచి ఐదు దాకా ఉంటే చిన్నబడి, ఆరు నుంచి పెద్దబడి అనేవారు. ఎంత మొరటుతనం! 2022 జూన్‌లో 117 నంబరు జీవో వచ్చి బడులను ఆరు రకాలు చేసింది. శాటిలైట్ ఫౌండేషన్ బడి, ఫౌండేషన్ బడి, ఫౌండేషన్ ప్లస్, ప్రీ హైస్కూలు, హైస్కూలు, హైస్కూలు ప్లస్. దగ్గర్లో హైస్కూలు ఉన్నచోట మూడు, నాలుగు, ఐదు తరగతులను అక్కడికి పంపారు. అలాంటి చిన్నబడిలో ఒకటీ రెండూ మిగిలాయి. శాటిలైట్ అంటే శ్రీహరికోట నుంచి ఎగరేస్తారేమోనని మా ఊళ్లో ఒక పెద్దాయన నిజంగానే భయపడ్డాడు. 2025లో కొత్త ప్రభుత్వం ఆ జీవోను రద్దు చేసింది, రకాలను తొమ్మిది చేసింది. టీచర్ల సంగతి ఎలా ఉన్నా ఏదో ఒకటి పెరిగింది కదా.

దీనికితోడు పసుపు బస్సు. పిల్లలు తగ్గారని టీచర్ని తీసేస్తారు, టీచరు లేదని ఉన్న పిల్లలు బస్సెక్కుతారు, పిల్లలు లేరని బడికి తాళం వేస్తారు. ఎవరిదీ తప్పు కాదు. నా మనవరాలు ఎక్కడ చదువుతోందని మాత్రం అడక్కండి. బస్సు ఏడుంపావుకే వస్తుంది, పొద్దున్నే నాకు మాట్లాడే తీరిక ఉండదు.

అసర్ అని ఒక సర్వే ఉంది. వాళ్లకు బొత్తిగా మర్యాద తెలియదు. భవనానికి రంగులేశారా, డ్యాష్‌బోర్డు ఆకుపచ్చగా ఉందా అని చూడరు. పల్లెల్లో ఇంటికే వెళ్లి పిల్లాడి చేతికి కాగితమిచ్చి చదవమంటారు. 2024లో అలా చదివిస్తే, దేశంలోని ప్రభుత్వ బడుల మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 23.4 శాతం. 2022లో 16.3 శాతమే కాబట్టి ఇది ప్రగతి. 2026-27 కల్లా మూడో తరగతి దాటే ప్రతి పిల్లా అర్థం చేసుకుంటూ చదవాలని కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యం. నూటికి మిగిలిన 76 మంది పైచిలుకు సంగతి అప్పటికి ఏదో ఒక యాప్ చూసుకుంటుంది.

మళ్లీ ఆ బడి దగ్గరికొస్తే, మేడం ఫొటో తీసుకుని వచ్చింది గానీ అది ఎక్కడం లేదు. సిగ్నలు వేపచెట్టు దగ్గరే దొరుకుతుందట. రెండో తరగతి నోటుపుస్తకాలు దిద్దే పని మిగిలి ఉండటంతో ఫోను ఐదో తరగతి పాప చేతికిచ్చి పంపింది. పాప చెట్టు కిందికెళ్లి, ముని కాళ్ల మీద లేచి, చెయ్యెత్తి ఫోను పట్టుకుంది. కాసేపటికి తెర మీద అక్షరాలు కనబడ్డాయి. సర్కారు బళ్లో ఇంగ్లిషు రాదనేవాళ్లు ఆ క్షణాన అక్కడ ఉండాల్సింది. తడుముకోకుండా, కూడబలుక్కోకుండా, కిటికీలోంచి మేడంకు వినబడేలా గట్టిగా చదివింది.

‘‘ప్లీజ్ ట్రై అగైన్.’’

లోపల చాప మీద ఉన్న ఒకటో తరగతి మొత్తం లేచి నిలబడి, చేతులు కట్టుకుని, ఒక్క గొంతుతో అందుకుంది.

‘‘ప్లీజ్ ట్రై అగైన్!’’