అరంగుళం దూరంలో ఆగిపోయిన గేర్‌బాక్సు గారికి

మహారాజశ్రీ ఓవర్‌డ్రైవ్ గేర్‌బాక్సు గారి దివ్య సముఖమునకు,

నా ఆటోమేటిక్ కారును చేత్తో గేర్లు మార్చే కారుగా చేద్దామని తెచ్చుకున్న తమరు ప్రస్తుతం మిషిగన్‌లోని మా గ్యారేజీలో, జాకీ మీద, సగం కారు కింద, సగం బయట విరాజిల్లుతున్నారు. క్షేమమేనా అని వేరే అడగనక్కర్లేదు. తమ క్షేమం కోసమే కదా శనివారం మధ్యాహ్నమంతా నేను కాంక్రీటు మీద వెల్లకిలా పడుకున్నది! కుడికి వంచాను, ఎడమకు వంచాను, బతిమాలాను. తమరు దయతలచి ముందుకు కదిలారు. క్లచ్ ప్లేటు పళ్లలోకి తమ 23 పళ్ల షాఫ్టు నునుపుగా దిగింది. అయిపోయిందని ఇంట్లోకి కేక కూడా వేశాను. అప్పుడు ఆగారు. ఇంజన్ వెనక క్లచ్‌ను కప్పే గంట ఆకారపు డొప్ప, అంటే బెల్‌హౌసింగు, దానికీ తమకూ మధ్య అరంగుళం. చూపుడు వేలి కొస పట్టేంత సందు. ఇటు టార్చి పెడితే అటు వెలుతురు పడుతోంది.

"నాలుగు బోల్టులండీ, ఒక పూట పని" అని తమను నాకు అంటగట్టిన పెద్దమనిషి ఇప్పుడు ఫోను ఎత్తడం లేదు.

తమకు చిన్నతనం చేస్తున్నానని అనుకోవద్దు. కొన్ని విషయాలు నేను ముందే దిగమింగుకున్నాను. తమతో పాటు వచ్చిన బెల్‌హౌసింగు 318 ఇంజన్‌ది. నా కారులో ఉన్నది 383 (ఈ అంకెలు ఇంజన్ సైజు, ఘనపు అంగుళాల్లో). రెండూ క్రైస్లర్ ఇంటి ఇంజన్లే అయినా ఒకదాని బోల్టు రంధ్రాలు రెండోదానికి కలవవు. సరే, పెద్ద ఇంజన్ బెల్‌హౌసింగు వేరే కొన్నాను. దాని మధ్య రంధ్రంలో తమ ముందరి బేరింగు మూత పట్టలేదు. సరే, మూతను లేత్ మీద పెట్టించి తగ్గించాను. ఆటోమేటిక్ కారు నేలలో తమరికి చోటు లేదు. సరే, నేల కోసి గూనిలాంటి ఉబ్బెత్తు రేకు అతికించాను. క్లచ్ పెడలు, దాని కింద అడ్డకడ్డీ, దాన్ని పట్టుకునే బ్రాకెట్టు... సరే, సరే, సరే.

తమ మూడో గేరు, నాలుగో గేరు తారుమారై ఉండే వైభవం గురించి కూడా నోరెత్తలేదు. 1964లో వచ్చిన తమ పెద్దన్నకు, అంటే పాత నాలుగు గేర్ల పెట్టెకు, నాలుగో గేరంటే నేరు గేరు, ఇంజన్ ఒక చుట్టు తిరిగితే వెనక షాఫ్టూ ఒక చుట్టు. 1973 చమురు సంక్షోభం తర్వాత, పెట్రోలు ఆదా చేయడానికి 1975లో తమరు అవతరించారు. పాత పెట్టెలోనే పళ్ల చక్రాలు మార్చి, మూడో గేరు ఉన్నచోట ఓవర్‌డ్రైవ్ దూర్చారు, అంటే ఇంజన్ ఒక చుట్టు కన్నా తక్కువ తిరిగినా వెనక షాఫ్టు ఒక చుట్టు తిరిగే గేరు. అందుకే పక్కనున్న మీట తలకిందులుగా బిగించాలి. మరిచిపోయి పాత పద్ధతిలో నిలువుగా పెడితే ఒకటి, రెండు, నాలుగు, మూడు! లెక్కలు రాని పిల్లవాడిని కూడా బడిలో బెంచీ ఎక్కిస్తారు. తమరిని మాత్రం నేను జాకీ ఎక్కించి గౌరవిస్తున్నాను.

ఇక అసలు సంగతి.

తమ షాఫ్టు ముందు కొసకు సన్నటి ముక్కు ఉంటుంది. అది ఇంజన్‌లో తిరిగే ప్రధాన ఇరుసు, క్రాంక్‌షాఫ్టు, వెనక రంధ్రంలో, చిన్న బుష్షు మీద ఆనాలి. ఆనితేనే తిరిగేటప్పుడు కుదురు. నా కారు, 1969 ప్లిమత్ రోడ్‌రన్నర్, ఆటోమేటిక్‌గా పుట్టింది. ఆటోమేటిక్ కారులో క్లచ్ బదులు ఉండే టార్క్ కన్వర్టరు వచ్చి క్రాంక్ చివర పెద్ద గుంటలో కూర్చుంటుంది. లోపలి సన్న రంధ్రంతో దానికి పని లేదు. పని లేని రంధ్రాన్ని ఎవరు మాత్రం కొలత ప్రకారం తొలిచి నునుపు చేస్తారు? కట్టినవాళ్లను తప్పుపట్టడానికి లేదు. కానీ ఆ రంధ్రం ఉన్నట్టే కనబడుతుంది చూశారూ, అక్కడే నా కడుపు మండుతోంది. టార్చి వేస్తే నల్లగా, గుండ్రంగా, "రండి రండి" అంటున్నట్టు ఉంటుంది. ముక్కు పెడితే పట్టదు.

హాస్యం ఎక్కడంటే, అంతకుముందే సన్నని తేడాలు కొలిచే డయల్ గేజి తెచ్చి బెల్‌హౌసింగు రంధ్రం క్రాంకుకు సరిగ్గా నడిమధ్యన ఉందో లేదో చూశాను. అంగుళాన్ని వెయ్యి భాగాలు చేస్తే అందులో ఐదుకు మించి తేడా రాకూడదు. మించితే నడిమి కాస్త పక్కకు జరిపి చెక్కిన పిన్నులు కొని, తిప్పి తిప్పి సరిచేయాలి. చేశాను. వెయ్యింట ఐదు దగ్గర నాతో అంత నిక్కచ్చిగా లెక్క తేల్పించుకుని, చివరికి తమరు అరంగుళం ఎగ్గొట్టారు!

సలహాలకు కొదవ లేదు. "బోల్టులు బిగించు, అదే లోపలికి లాక్కుంటుంది" అన్నాడు పక్కింటాయన. బోల్టులతో లాగితే, గేర్‌బాక్సూ, ముందు నీ అల్యూమినియం చెవులు (బోల్టులు దూరే కొనలు) విరుగుతాయి. విరక్కపోతే క్రాంకును ముందుకు నెట్టి, దాని పక్క ఒత్తిడిని మోసే బేరింగును తినేస్తావు. రెండో సలహా, ఇంజన్ దించి, క్రాంకు విప్పి లేత్ ఎక్కించమని. ఆ రంధ్రం కోసం ఇంజన్ మొత్తం విప్పాలా? నీ ముక్కు కోసం నేను ఇల్లు తాకట్టు పెట్టాలా? ఆగస్టు మూడో శనివారం డెట్రాయిట్ దగ్గర వుడ్‌వర్డ్ అవెన్యూలో పాత కార్లన్నీ ఊరేగుతుంటే, నేను ఫుట్‌పాత్ మీద మడత కుర్చీ వేసుకుని చప్పట్లు కొట్టాలా? నిన్ను తయారుచేసింది పొదుపరి ఇంజన్ల కోసం. 1976లో ఫెదర్ డస్టర్ అని బరువు తగ్గించిన కారుకు తగిలించారు నిన్ను. ఇది 335 గుర్రాల ఇంజన్! ఒక కార్టూన్ పక్షి పేరు పెట్టుకోవడానికే 50,000 డాలర్లు కట్టిన కారు! మోకాలికీ బోడిగుండుకీ ముడి వేయబోతున్నావని మొదటి రోజే మా ఆవిడ అంది. ఆవిడ మాట నిజమవుతుందనే భయంతోనే నిన్ను ఇంకా చెత్తలో వేయలేదు.

క్షమించాలి. తమరు.

ఆవేశం పక్కన పెడితే ఒక్కటి ఒప్పుకోవాలి. తమ మొదటి గేరు నిష్పత్తి 3.09 (వెనక షాఫ్టు ఒక చుట్టుకు ఇంజన్ 3.09 చుట్లు), రెండోది 1.67. ఆ రెంటి మధ్య ఇంజన్ గోతిలో పడ్డట్టు పడుతుందని అందరూ వెక్కిరిస్తారు. పడనీ, ఈ ఇంజన్‌కు లేవడానికి సత్తువ ఉంది. నాకు కావలసింది ఆ చివరి 0.73. వెనక ఇరుసు గేరు నిష్పత్తి 3.23తో గంటకు 70 మైళ్ల మీద పోతుంటే, నేరు గేరులో ఇంజన్ నిమిషానికి సుమారు 2,900 చుట్లు గింజుకుంటుంది. తమ నాలుగో గేరులో 2,100. పక్క సీటులో ఉన్న మనిషి మాట వినబడుతుంది. (మా ఆవిడకు ఈ ముక్క చెప్పలేదు. వినబడితే ఏం మాట్లాడుతుందో నాకు తెలుసు.) పెద్దన్న ఎంత పేరున్నవాడైనా ఆ పని చేయలేడు.

కాబట్టి తమతో ఒప్పందానికి వస్తున్నాను. కన్వర్టరు కూర్చునే ఆ పెద్ద గుంటలోనే బిగుసుకునే బేరింగు ఒకటి ఉంది. తర్వాతి కాలపు డాడ్జ్ ట్రక్కుల్లో వాడినది. ఆర్డరు పెట్టాను. బుష్షు అక్కర్లేదు, క్రాంకు విప్పక్కర్లేదు. తమ ముక్కు అందులో ఆనుతుంది. ఆనాక కూడా కొస వెళ్లి ఆ బోలు రంధ్రం అడుగున తగిలిందంటే, ఆ కాస్త కోసేస్తాను. లక్ష్మణుడికి కత్తి కావలసి వచ్చింది. నా దగ్గర గ్రైండరు ఉంది.

అన్నట్టు, తమ తోక నుంచి ఆయిల్ కారుతోంది. కింద అట్టముక్క వేశాను. దాని మీదే కారాలి.

ఇట్లు
తమ ప్రస్తుత యజమాని
(పాత యజమాని ఫోను ఎత్తేవరకు)