సంతకం దగ్గరే ఆగితే కూలి పెరగదు

యాసంగి కోతలు మొదలైతే నల్లగొండ పల్లెల్లో ధాన్యం కొనుగోలు కేంద్రాలు తెరుచుకుంటాయి. చాలాచోట్ల నడిపేది మహిళా సంఘాలే. అక్కడ తేమ మీటరు 17.4 చూపితే ఇంకా ఆరబెట్టమనాలి, 16.8 చూపితే కాంటాకు పంపాలి. సంచులు లెక్కపెట్టి రైతు పేరు మీద రాయాలి. ఈ పని సంఘంలో చదవగలిగిన ఒకరిద్దరికే దక్కుతుంది. పొదుపు సమానంగా కట్టిన మిగతావారికి ధాన్యం ఎత్తే పనే. వీరిలో ఎందరో ఏదో ఒక రాత్రి బడిలో సంతకం నేర్చుకున్నవారే.

2011 జనగణనలో ఉమ్మడి పాలమూరు అక్షరాస్యత 55 శాతం. అప్పటి 23 జిల్లాల్లో అదే అట్టడుగు. ఇప్పుడు 2022-27 కాలానికి కేంద్రం తెచ్చిన వయోజన విద్యా పథకం ‘ఉల్లాస్’ నడుస్తోంది. పదిహేనేళ్లు దాటినవారికి 200 గంటల బోధన, చివర 150 మార్కుల పరీక్ష. చదవడం, రాయడం, లెక్కలకు తలా 50, ఒక్కోదాంట్లో 33 శాతం రావాలి. కొలమానం బాగానే ఉంది. చెప్పే పాఠాన్నే పనికి దగ్గర చేయాలని మా అభిప్రాయం.

పెద్దవాళ్లకు అ ఆలతో మొదలుపెట్టి వర్ణమాల అంతా అప్పజెప్పించాకే మాటల్లోకి వెళ్తే, గుణింతాల దగ్గరికి వచ్చేసరికి సగం చాపలు ఖాళీ అవుతాయి. వరి, కూలి, తేమ, సంచి అంటూ నోట్లో నానిన మాటలతో మొదలుపెట్టి, గుణింతం అవసరమైనప్పుడల్లా చెప్పుకుంటూ పోవాలి. పత్తి, బస్తా వంటి ఒత్తుల మాటలు తర్వాత. లెక్కల సంగతి వేరు. కూడికలు, తీసివేతలు వాళ్లకు నోటి మీదే వచ్చు, తికమకంతా దశాంశ బిందువుతోనే. నలభై కిలోల ధాన్యం, గోనె సంచి బరువు ఇంకో 600 గ్రాములు అనుకుంటే కాంటా 40.600 దగ్గర ఆగాలి. 41.200 దాకా తూస్తే వంద సంచులకు 60 కిలోలు పోయినట్టు. ఈ ఒక్క లెక్క వారం రోజులు చెప్పినా దండగ కాదు.

జడ్చర్ల పోలేపల్లి మందుల కంపెనీల్లో హెల్పర్‌గా చేరేవారికి పాఠం ఇంకోటి. డబ్బా మీది బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఇంగ్లీషులోనే ఉంటాయి కాబట్టి ఆ 26 అక్షరాలూ తప్పవు. జీతం చీటీ కూడా చదవాలి. మూల వేతనం, డీఏ కలిపి 10,000 అయితే పీఎఫ్ కోత 1,200. మొత్తం జీతం 12,000 అయితే ఈఎస్ఐకి 90. ఆధార్‌లో ఒక స్పెల్లింగు, పీఎఫ్‌లో మరొకటి ఉంటే డబ్బు తీసుకునేనాడు దరఖాస్తు ఆగిపోతుంది. తన పేరు ఇంగ్లీషులో గుర్తుపట్టగలిగితే చేరిన రోజే ఆ తేడా పట్టుకోవచ్చు.

నలభై దాటినవారు మధ్యలో మానేస్తే ‘బుర్రకెక్కడం లేదు’ అనేస్తారు. చాలామందికి ఎక్కనిది బుర్రకు కాదు, కంటికి. చత్వారం వచ్చినవారికి దీపం వెలుతురులో చిన్న అక్షరం అలుక్కుపోతుంది. మొదటి వారంలోనే కళ్లు చూపించి అద్దాలు ఇప్పించాలి, అక్షరాలు పెద్దవిగా అచ్చు వేయాలి.

200 గంటలంటే రోజుకు రెండు గంటల చొప్పున వంద రోజులు. సాగర్ ఆయకట్టులో యాసంగి నాట్లు ముగిశాక కోతల దాకా కొంత తీరిక ఉంటుంది. అదే కాలంలో పాలమూరు మెట్ట ఊళ్ల జనం వలసలో ఉంటారు. రెండు చోట్లకూ ఒకే క్యాలెండర్ పంపితే ఒకచోట హాజరు కాగితం మీదే ఉంటుంది. వలస వెళ్లినవారికి పని జరిగే చోటే, గుడిసెల దగ్గర చెప్పాలి.

చెప్పేవారి సంగతీ ఉంది. 2018లో ముగిసిన సాక్షర భారత్‌లో గ్రామ సమన్వయకర్తకు నెలకు 2,000 ఇచ్చేవారు. ఉల్లాస్‌లో అంతా స్వచ్ఛందం. వంద రోజులు సాయంత్రం రెండేసి గంటలు ఊరికే ఎవరు కూర్చుంటారు? రాష్ట్రం గంటల లెక్కన ఎంతో కొంత ఇవ్వాలి. పాసైనవారి లెక్కన మాత్రం వద్దు, ఒకరి పేపరు మరొకరు రాస్తారు.

ఉల్లాస్ పరీక్ష నుంచి నేరుగా పదో తరగతికి దూకడం కష్టం. జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ (ఎన్ఐఓఎస్)లో పెద్దలకు ఎ, బి, సి స్థాయిలున్నాయి, అవి 3, 5, 8 తరగతులకు సమానం. ఆ తర్వాత తెలంగాణ ఓపెన్ స్కూల్‌లో పది రాయొచ్చు. సబ్జెక్టుకు 35 మార్కులు, ఐదేళ్లలో తొమ్మిది అవకాశాలు, పాసైన సబ్జెక్టు మళ్లీ రాయనక్కర్లేదు. కూలికి పోయే మనిషి ఒక్కోసారి ఒకటి రెండు సబ్జెక్టులు రాసుకుంటూ పోవచ్చు. ప్రవేశాల ప్రకటన వచ్చినప్పుడు దాన్ని గ్రామ సంఘం సమావేశంలో చదివి వినిపించే బాధ్యత ఎవరిదో జిల్లా అధికారులు ఇప్పుడే తేల్చాలి.