తాతయ్య గేజి పుస్తకాలు

బీఏ హిస్టరీ అంటే మా కోనసీమలో అందరూ అడిగేది ఒకటే: "గ్రూప్స్ రాస్తావా?" కాదండీ, కాలువల చరిత్ర మీద పని చేద్దామనుకుంటున్నా అంటే, "ఆయ్, కాటన్ దొర గురించా!" అని తేల్చేస్తారు. నా గొడవంతా అక్కడే.

కాటన్ మీద నాకు కోపమేం లేదు. 1847లో మొదలెట్టి 1852కల్లా ధవళేశ్వరం ఆనకట్ట లేపాడు, దణ్ణం పెట్టాల్సిందే. మనవాళ్లలో, కాటన్‌తో కలిసి పనిచేసిన వీణం వీరన్న పేరైనా కాస్త వినిపిస్తుంది. మరి ఆ తర్వాత ఇన్నేళ్లూ ఆ నీళ్లని చేను దాకా తెచ్చిందెవరు? గుర్రం మీది విగ్రహం దిగొచ్చి షట్టర్ ఎత్తదుగా.

ఎత్తింది లస్కర్లు, అంటే కాలువల మీద షట్టర్లు చూసుకునే పనివాళ్లు. మా తాతయ్య లస్కరే. ఆయన పోయాక అటక మీద రేషన్ సంచిలో నోటు పుస్తకాలు దొరికాయి. చొక్కా జేబులో పట్టేంత చిన్నవి, అంతా పెన్సిల్ రాత. తేదీ, గేజి (నీటి మట్టం), ఎన్ని షట్టర్లు ఎత్తారు, ఎవరి వంతు. 1986 ఆగస్టు, గోదావరికి ఆ పెద్ద వరదొచ్చినప్పుడు, ఆరు రోజులు వట్టి అంకెలే. ఏడో రోజు: "గట్టు నిలిచింది. ఇంటికి వెళ్లాను." మామ్మనడిగితే, "క్యారేజీ గట్టు మీదకే పంపేదాన్నిరా, సగం అలాగే తిరిగొచ్చేది" అంది.

ఇదే ప్రాజెక్టు చేస్తానన్నా కాలేజీలో. సార్ పుస్తకాలు తిరగేసి, "ఇవి సోర్సులు కావు బాబూ. ఫ్రెంచి విప్లవం తీసుకో, మెటీరియల్ రెడీగా ఉంది" అన్నారు. ఉండదా మరి? సీనియర్ల ఫైలే ఏటా అట్ట మార్చుకుని తిరుగుతోంది. పోనీ ఫ్రెంచివాళ్ల మీదే రాయాలన్నా, 1954 దాకా వాళ్ల చేతిలో ఉన్న యానాం పక్కనే ఉందిగా. అదీ వద్దట.

సార్ లెక్కలో సోర్సు అంటే 1907 నాటి గోదావరి జిల్లా గెజిటీర్, హెమింగ్వే అనే దొర రాసింది. నేనూ చదివా, బాగా పనికొచ్చింది. కానీ అది దొరల ఆఫీసులోంచి కనబడ్డ కాలువ. దాళ్వాకి, అంటే రెండో పంటకి, శివారు చేలకి నీళ్లందక రాత్రిపూట షట్టర్ దగ్గర జనం కలబడ్డ సంగతి తాతయ్య పుస్తకంలో ఉంది, ఒక్క మాటలో: "తగాదా."

చివరికి ఫ్రెంచి విప్లవమే ఇచ్చా. మార్కులూ వచ్చాయి. ఆదివారాలు మాత్రం రిటైరైన లస్కర్ల ఇళ్లకి తిరుగుతున్నా. మొన్న ఒకాయన్ని గేజి పుస్తకాలున్నాయా అంటే, "అయ్యో, కట్టలు కట్టలుండేవి బాబూ, మొన్న భోగిమంటలో వేసేశారు మావాళ్లు" అన్నాడు.