ఆవులు చచ్చిపోయాక ఆఫీసుకి తాళం

అమెరికాలో రాంచర్లకి, అంటే పెద్ద బీళ్ళలో పశువులు పెంచేవాళ్ళకి, ఇచ్చే డిజాస్టర్ ఎయిడ్ గురించి మన తెలుగు గ్రూపుల్లో ఎప్పుడు మాటొచ్చినా ఒకటే గోల, వేల ఎకరాలున్నోళ్ళకి మా ట్యాక్స్ డబ్బులు ఎందుకు పంచిపెడుతున్నారు అని. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. 2013లో సౌత్ డకోటా పడమటి వైపు ఏం జరిగిందో తెలుసుకుని అప్పుడు మాట్లాడండి.

అక్టోబర్ మొదటి వారం, పశువులు ఇంకా ఎండాకాలం మేసే బీళ్ళలోనే ఉన్నాయి, ఒంటిమీద చలికాలం బొచ్చు కూడా రాలేదు. ముందు చల్లటి వాన పడి తడిసి ముద్దయ్యాయి, ఆ తడి మీదే మంచు, దానికి తోడు గంటకి వంద కిలోమీటర్లు దాటిన గాలి. ర్యాపిడ్ సిటీలోనే రెండడుగులకి దగ్గరగా మంచు పడింది. మీడ్ కౌంటీ (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది), ఆ చుట్టుపక్కలంతా, ఆవులు గాలి ఎటు తోస్తే అటు మైళ్ళకి మైళ్ళు నడిచి కంచెల పక్కన, వాగుల్లో కుప్పలుగా పడి చచ్చిపోయాయి, వేలకి వేలు. చెవి ట్యాగులు, ఒంటిమీద కాల్చిన ముద్రలు చూసి ఏది ఎవరిదో తేల్చుకోవాల్సొచ్చింది.

మరి గవర్నమెంట్ సాయం? పశువులు చనిపోతే డబ్బిచ్చే లైవ్‌స్టాక్ ఇండెమ్నిటీ ప్రోగ్రామ్ 2008 ఫార్మ్ బిల్లులో, అంటే వ్యవసాయ చట్టంలో, వచ్చింది, గడువు 2011 సెప్టెంబర్ 30తోనే అయిపోయింది, ఆ తర్వాత రెండేళ్ళు దాటినా కాంగ్రెస్ కొత్త బిల్లు తేల్చలేదు. పైగా ఆ మంచు తుఫానుకి సరిగ్గా ముందు అక్టోబర్ 1న, బడ్జెట్ పాస్ కాక ప్రభుత్వ ఆఫీసులు మూసేసే షట్‌డౌన్ మొదలైంది, కౌంటీలో రైతులు వెళ్ళే ఎఫ్ఎస్ఏ (వ్యవసాయ శాఖ కింద ఉండే ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీ) ఆఫీసులకి తాళాలు. నష్టం రాసుకునే మనిషి లేడు. ఫోటోలు తీసి పెట్టుకోండి, పక్కవాళ్ళతో సాక్ష్యం రాయించుకోండి, ఎప్పటికైనా పనికొస్తాయి అని చెప్పారు, అంటే మంచు కరిగి బురదలో కళేబరాలు కుళ్ళిపోతుంటే వాటిని పూడ్చేలోపు ఒక్కోదాన్నీ లెక్కపెట్టి ఫోటో తియ్యాలి, అదీ రూపాయి వస్తుందో రాదో తెలీకుండా. వరదలో గేదె కొట్టుకుపోయిన మన రైతుకి ఈ బాధ వేరే చెప్పక్కర్లేదు.

ఫార్మ్ బిల్లు మీద సంతకం 2014 ఫిబ్రవరిలో అయింది, పాత నష్టాలకి కూడా వర్తిస్తుందన్నారు, అప్లికేషన్లు తీసుకోవడం ఏప్రిల్ 15 నుంచి. ఆరు నెలలు! ఈలోపు బ్యాంకు ఆగుతుందా? ఆ గ్యాప్‌లో వాళ్ళని నిలబెట్టింది జనం ఇచ్చిన విరాళాలు, పక్క రాష్ట్రం మోంటానా వాళ్ళు తమ మందల్లోంచి తోలిచ్చిన పెయ్యలు.

ఇంకోటి, ఆ వచ్చేది కూడా మొత్తం కాదు. మామూలుగా ఏటా చనిపోయే లెక్క తీసేసి, ఆ పైన చచ్చినవాటికే, అదీ మార్కెట్ ధరలో 75 శాతం. చూడి ఆవు పోతే కడుపులో దూడ కూడా పోయినట్టే, వచ్చే ఏడాది అమ్ముకునేది అదే కదా, 2025లో చట్టం మారేదాకా దానికి ఏమీ వచ్చేది కాదు. దీన్ని ఫ్రీ డబ్బు అనడానికి నోరెలా వస్తుంది?

కరువుకి మేత డబ్బులిచ్చే స్కీమ్ ఉంది చూడండి, దాన్ని ప్రశ్నించండి, నేనూ ప్రశ్నిస్తాను. కరువు తీవ్రతని రంగుల్లో చూపించే డ్రౌట్ మ్యాప్ మీద కౌంటీ ఏ రంగులో ఉందో చూసి ఇస్తారు, కౌంటీలో ఓ మూల మంచి వాన పడ్డవాడికి కూడా వెళ్ళచ్చు. అది సరిచెయ్యాల్సిందే. కానీ ఆ సాకుతో మొత్తం ఎత్తెయ్యమంటే ఒప్పుకోను.

2014లో పశువులు చనిపోతే డబ్బిచ్చే స్కీమ్‌ని పర్మనెంట్ చేశారు, బాగుంది, ఆఫీసు సంగతి మాత్రం అలాగే వదిలేశారు. 2025 అక్టోబర్‌లో మళ్ళీ షట్‌డౌన్, మళ్ళీ అవే తాళాలు, మూడు వారాల తర్వాత గానీ కొద్దిమంది స్టాఫ్‌తో తెరవలేదు. పన్నెండేళ్ళయినా ఏం నేర్చుకున్నట్టు? వాషింగ్టన్‌లో ఎవరు ఎవరితో కొట్లాడుకున్నా, ప్రతి కౌంటీ ఆఫీసులో నష్టం రాసుకుని రసీదు ఇచ్చే మనిషి ఒక్కడైనా ఉండి తీరాలని చట్టంలో రాయాలి.